కొండ దిగే టెస్టు

పెన్సిలు మళ్ళీ కదిలింది.

ముకుందం గుండె గుభేలుమంది. ఇది నాలుగో మలుపు. మలుపు వచ్చినప్పుడల్లా, ముందు సీట్లోని ఖాకీ చొక్కా ఆయన నోటుపుస్తకంలో ఏదో ఒకటి గీకుతూనే ఉన్నాడు. మొదటి మలుపులో తప్పు, రెండోదాంట్లో తప్పు, మూడోదాంట్లోనూ తప్పేనా? ఇంకా దిగాల్సిన కొండ బోలెడుంది.

తిరుమల నుంచి అలిపిరికి దిగే పాత ఘాటు రోడ్డు అది. సత్యవేడు పక్క చదును రోడ్ల మీద బస్సు తోలిన ముకుందానికి ఇది బొత్తిగా కొత్త. పక్కన కూర్చుని రెండుసార్లు చూశాడంతే. స్టీరింగు పట్టుకుని దిగడం ఇదే మొదలు. ఈ పూట పాసయితే కొండ బస్సు డ్రైవరు. ఫెయిలయ్యాడా, అసలు ఉద్యోగమే ఉండదు.

"ఇన్‌స్పెక్టరు గంగాధరం సారు బస్సులోనే ఉంటాడు. దోవలో నోరు తెరవడు. కిందికి పోయినాకే మాట" అని పైన డిపోలో చెప్పి పంపారు.

ఆయన్ని ముకుందం ఎప్పుడూ చూసింది లేదు. అయినా గుర్తుపట్టడానికి కష్టమేముంది? బస్సులో మగవాళ్ళంతా గుండ్లు, గుండ్ల మీద గంధం. కండక్టరు దొరస్వామిని వదిలేస్తే, తల నిండా జుట్టూ ఒంటి మీద ఖాకీ చొక్కా ఉన్నవాడు ఈయనొక్కడే. ఎక్కగానే ముకుందం "నమస్కారం సార్" అంటే, గంభీరంగా తిరిగి నమస్కారం పెట్టి, పుస్తకం తెరిచాడు.

ఐదో మలుపు. ఎడమ పక్క పిట్టగోడ మూరెడు కూడా లేదు. దాని అవతల నేలే కనబడడం లేదు. ఎక్కడో చాలా కింద చెట్ల తలలు.

"గోవిందా! గోవిందా!" బస్సంతా అరిచింది. వాళ్ళది భక్తి. ముకుందం కూడా అరిచాడు గానీ, అతనిది అచ్చంగా భయమే.

కాలు బ్రేకు మీదికే పోతోంది. అదేపనిగా తొక్కితే బ్రేకులు కాలిపోతాయి, రెండో గేరులో పెట్టి ఇంజను పట్టు మీదే దించాలి అని చెప్పారు. చెప్పడం సులువే. ఖాకీ చొక్కా ఆయన మెడ చాచి గేరు కడ్డీని చూశాడు, ముకుందం కాలిని చూశాడు, రాసుకున్నాడు.

ముకుందం ఉండబట్టలేకపోయాడు. "సార్, గేరు సరిగానే ఉండాదా?"

ఆయన ఉలిక్కిపడి తల ఊపాడు. అవుననో కాదనో దేవుడికే తెలియాలి.

తర్వాతి మలుపు తిరగ్గానే రోడ్డు మధ్యలో వ్యాను. చెడిపోయి అడ్డంగా ఆగిపోయి ఉంది. ముకుందం బ్రేకు తొక్కాడు. బస్సు మూలిగింది, జారింది, మళ్ళీ మూలిగి వ్యానుకు బారెడు దూరంలో ఆగింది. వెనక ఎవరో ముసలామె ఏడుపు అందుకుంది.

"దొరస్వామీ! చక్రాల ముందర రాళ్ళు పెట్టప్పా, తొందరగా!"

కండక్టరు దూకి రాళ్ళు పెట్టాడు. రోడ్డు చూసొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. "ఎడం పక్క సందుండాది."

"ఎంతుండాది?"

"బస్సు పోంగా జానెడు మిగుల్తాది."

ఎడం పక్కంటే లోయ పక్క. ముకుందం ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. "అందర్నీ దించెయ్. వ్యాను దాటినాక ఎక్కుదురు."

అందరూ బిలబిలా దిగారు. ముందు సీటాయన మాత్రం కమ్మీ పట్టుకుని కదల్లేదు. పెన్సిలు ఆగిపోయింది. రెప్ప వేయకుండా ముకుందాన్నే చూస్తున్నాడు. ఆ చూపుకి ముకుందానికి లోయ కంటే ఎక్కువ భయమేసింది. ఇక్కడ ఆగిపోతే ఫెయిలు. గోడకు రాసుకుంటే ఫెయిలు. గోడ దాటితే ఇక పాసూ లేదు, ఫెయిలూ లేదు.

దొరస్వామి రాళ్ళు తీసి ముందు నడిచాడు. "రా... రా... కుడికి కొట్టు... ఇంకా రా..."

మొదటి గేరు. బస్సు చీమలా కదిలింది. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు. ఎడమ చక్రం కింద ఏదో చిన్న రాయి జారి గోడ సందులోంచి కిందికి పోయింది. పడిన చప్పుడు వినబడలేదు. ముకుందం వ్యాను అద్దాన్ని వేలి సందులో తప్పించి, బస్సుని దాటించేశాడు.

జనం మళ్ళీ ఎక్కారు. ఆ తర్వాత ఎన్ని మలుపులు తిరిగాడో, పెన్సిలు ఎన్నిసార్లు కదిలిందో అతనికి గుర్తు లేదు. అలిపిరిలో ఇంజను ఆపినా స్టీరింగు మీంచి చేతులు వెంటనే ఊడి రాలేదు.

జనం దిగుతుంటే లేచి, చేతులు కట్టుకుని ఖాకీ చొక్కా ఆయన ముందు నిలబడ్డాడు.

"సార్, తప్పులుంటే మన్నించాల. ఇల్లు గడిచేది ఈ ఉద్యోగంతోనే. నేను పాసయినానా?"

ఆయన బిత్తరపోయాడు. "నన్నడుగుతావేందన్నా? నా పేరు మునస్వామి. నాయుడుపేట నుంచి వచ్చినా. రేపు ఈ రోడ్డు మింద నాకు టెస్టు. అందుకే మలుపులన్నీ రాసుకుంటా వచ్చినా. ఆ వ్యాను కాడ ఏం గేరేసినావో చెప్పన్నా, భయంతో రాసుకోలేకపోయినా."

ముకుందానికి కాళ్ళ కింద బస్సు ఇంకా జారుతున్నట్టే అనిపించింది. ఇంతలో వెనక సీట్లలోంచి గంధం గుండాయన ఒకాయన తువ్వాలు భుజాన వేసుకుంటూ వచ్చి అతని వీపు మీద చెయ్యి వేశాడు.

"గంగాధరం నేనేనప్పా. పొద్దున్నే మొక్కు తీర్చుకున్నా. నువ్వు పాసయినావు పో. రేపు ఈ మునస్వామి బస్సు దించేటప్పుడు మాత్రం, నువ్వొక పెన్సిలు పట్టుకోనొచ్చి ఆ ముందు సీట్లో కూర్చో."