ఆరో తరగతి గొంతు

హైస్కూల్లో ప్రార్థన పాడే పని ఓ యంత్రం పెట్టెకు అప్పజెప్పి పదేళ్లయింది. ఆరో తరగతిలో చేరిన రోజున ప్రతి పిల్లా పిల్లాడూ దాని ముందు ఒక్కసారి పాడితే చాలు. పదో తరగతి దాకా ఆ గొంతులన్నీ కలిపి అదే పాడేది. పిల్లలు పెదవులు ఆడించేవారు. సంగీతం టీచరు సువర్చలకు మిగిలిన పనల్లా పెట్టె మీద దుమ్ము తుడవడమే.

సోమవారం పొద్దున్న పెట్టె మూగబోయింది.

"మీరే పాడండర్రా," అంది సువర్చల, సంతోషం బయటపడకుండా.

తొమ్మిదో తరగతి అబ్బులు, నూనూగు మీసాలవాడు, నోరు తెరిచాడు. బొంగురు గొంతొకటి లేచింది. ఎవడా అని వాడు వెనక్కి తిరిగాడు. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

"టీచర్, నా గొంతెవరో మార్చేశారండీ!"

"మారి ఏడాదైందిరా. నువ్వు పాడగా ఇవాళే విన్నావు. ఊఁ, కానివ్వు."

రెండో చరణం పిల్లలెవరికీ రాక అంతా ఆగిపోయారు. అప్పటిదాకా సాగిన గోలకు పరుగెత్తుకొచ్చిన హెడ్మాస్టరు పేరయ్యగారు, పెట్టె కొనిపించిన మనిషి, తిట్టబోయి నోరు తెరిచారు. చిన్నప్పుడు పాడిన ఆ చరణం దానంతటదే బయటికొచ్చేసింది, శ్రుతితో ఏ సంబంధమూ లేకుండా.

పిల్లలు ఆయన వరసనే పట్టుకున్నారు. పదేళ్ల తర్వాత బడంతా ఒక్క గొంతుతో పాడింది, పూర్తిగా తప్పుగా.

సువర్చల దిద్దలేదు.