పదకొండు మంది

"మమ్మల్ని ఏలినవాళ్ళ ఫ్రెంచి నా కొట్లో మాట్లాడొద్దు. అరబ్బీలో చెప్పు" అన్నాడు మిలూద్.

నజ్లా క్షమించమని చెప్పి అరబ్బీలోకి మారింది. ఆమె గేమ్ కన్సోళ్ళ కంపెనీ మనిషి. దుబాయ్ ఆఫీసు నుంచి ఒక్క రోజు పని మీద అల్జీరియాలోని ఒరాన్ వచ్చింది. ఆ కంపెనీ మెషీన్లు దేశం మొత్తం మీద మిలూద్ ఒక్కడే తొమ్మిదేళ్ళుగా అమ్ముతున్నాడు. మదీనా జ్దీదా బజారులో అతని కొట్టు తెలియనివాళ్ళు తక్కువ. అతని కోపం తెలియనివాళ్ళు అసలే లేరు.

ఆమె తెచ్చిన కబురు చిన్నదే. కొత్త మెషీన్ రెండు నెలల్లో విడుదలవుతుంది. మొరాకోకి వస్తుంది. ట్యునీసియాకి వస్తుంది. అల్జీరియాకి మాత్రం రాదు.

అది రాకపోతే మిలూద్ కొట్టుకి తాళం వేసుకోవలసిందే. ఎదురు వరుసలో కమరుద్దీన్ అవతలి కంపెనీ సరుకు పేర్చుకుని కాచుక్కూర్చున్నాడు. ఈ వ్యాపారంలో బొమ్మ ఎంత బాగా కనిపిస్తుందని ఎవరూ అడగరు. "మా వాళ్ళంతా దేని మీద ఆడుతున్నారు?" అనే అడుగుతారు. నలుగురు స్నేహితులు ఏ మెషీన్ మీద ఆన్‌లైన్‌లో కలుస్తారో ఐదోవాడూ అదే కొంటాడు. జనం ఒకసారి అటు మళ్ళారంటే ఇక ఇటు మొహం చూపించరు.

ఎందుకు రాదో చెప్పమన్నాడు మిలూద్. నజ్లా ల్యాప్‌టాప్ తెరిచి ఓపిగ్గానే చెప్పింది. మెషీన్ అమ్మితే కంపెనీకి మిగిలేది అంతంత మాత్రం. మిగిలేదంతా ఆన్‌లైన్‌లో ఆడేవాళ్ళ చందాల మీదా, వాళ్ళు కొనే ఆటల మీదా. అందుకే ఏ దేశంలో ఎంతమంది ఖాతాలు తెరిచారో చూసి సరుకు పంపుతారు. ట్యునీసియాలో ఇరవై వేలమంది ఉన్నారు. ఫ్రాన్స్‌లో ఏటా అనుకున్నదానికన్నా ఎక్కువమందే చేరుతున్నారు. మొరాకోలో అరవై వేలు.

పొరుగునే ఉన్న బద్ధ విరోధి మొరాకో పేరు వినగానే మిలూద్‌కి ఒళ్ళు మండింది.

"మరి మేమెంత?"

"పదకొండు."

"పదకొండు వేలేనా?"

"పదకొండు మంది, మిలూద్ గారూ. దేశం మొత్తం మీద."

మిలూద్ మొహం జేవురించింది. నేనొక్కణ్ణే నాలుగు వేల మెషీన్లు అమ్మానన్నాడు. శుక్రవారం నమాజు అయ్యాక ఈ ఊళ్ళో ఏ సందులోకి వెళ్ళినా కిటికీల్లోంచి మీ ఆటల గోలే వినిపిస్తుందన్నాడు. మా బావమరిది మంగలి షాపు మూసేసి మరీ ఆడతాడు, కావాలంటే పిలిపిస్తానన్నాడు. మీ కంప్యూటర్‌కి కళ్ళు పోయాయా అని అడిగాడు.

నజ్లా అనకూడని మాట అనేసింది. మెషీన్లు ఇక్కడికి వస్తున్న మాట నిజమే, కానీ ఆన్‌లైన్‌లో మనుషులు కనిపించడం లేదు, కాబట్టి సరుకు దొంగతనంగా సరిహద్దు దాటిపోతోందని పైవాళ్ళ అనుమానం.

మిలూద్ చేతిలోని టీ గ్లాసు బల్ల మీద ఠపీమని పడింది. పుదీనా టీ చింది ఆమె కాగితాలు తడిశాయి. ఆ కోపంలో తప్పేమీ లేదు. తొమ్మిదేళ్ళు నిజాయితీగా బతికినవాణ్ణి అతని కొట్లోనే కూర్చుని దొంగ అంటే ఎవరికైనా కాలుతుంది.

"విను తల్లీ" అన్నాడు. "ఆరేళ్ళ కిందటిదాకా మీరు చూపే దేశాల జాబితాలో అల్జీరియా అన్న పేరే లేదు. నలభై ఉత్తరాలు రాసి, పోట్లాడి ఆ పేరు పెట్టించింది నేను. ఆ రోజు బజారంతా ఖర్జూరం మిఠాయి పంచాను. అలాంటి నన్ను దొంగంటావా? మా దేశం మీ కళ్ళకి ఆనదని చెప్పు, ఒప్పుకుంటాను. నాలుగు వేలమంది బతికున్న మనుషుల్ని లేరని మాత్రం చెప్పకు."

నజ్లా తడిసిన కాగితాలు దులుపుకుని లేచింది. ఆమెకీ కోపం వచ్చింది, కానీ అణుచుకుంది.

"నేను మిమ్మల్ని నమ్ముతాను. కంపెనీ నన్ను నమ్మదు, అంకెల్నే నమ్ముతుంది. నెలాఖరుకి ఇంకొక్కసారి చూస్తారు. అల్జీరియా వెయ్యి దాటితే మీ తరఫున నేను మాట్లాడతాను."

ఆమె వెళ్ళగానే మిలూద్ పెద్ద కాగితం తీసి, 'మేమున్నాం' అని రాసి, గల్లా పక్కన అంటించాడు. వచ్చిన ప్రతివాడికీ జరిగింది చెప్పాడు. ప్రతివాడూ మండిపడి సంతకం చేశాడు. మధ్యాహ్నానికి కాగితం నిండిపోయి ఇంకోటి అంటించాల్సి వచ్చింది. కమరుద్దీన్ సైతం పోటీ సంగతి పక్కన పెట్టి వచ్చి, మొరాకో వాళ్ళ ముందు మన పరువు పోయిందని సంతకం పెట్టి పోయాడు.

మూడింటికి పై అంతస్తు దంతవైద్యురాలు హస్నియా దిగి వచ్చింది. అంతా విని, ఒక మెషీన్ తనకీ ఇవ్వమంది. త్లెమ్సెన్‌లో ఉన్న తన అన్నదమ్ములిద్దరూ దాని మీదే ఆడతారట. వాళ్ళని ఓడించాలని ఎన్నాళ్ళ నుంచో ఉందట.

"ఎలాగూ కొంటున్నాను కదా బాబాయ్, ఈ రోజే కొంటాను. పన్నెండో మనిషిగా నన్ను ఎక్కించండి. ఎలా లేమంటారో చూద్దాం."

మిలూద్ ఆమె తల మీద చెయ్యి పెట్టి దీవించాడు. పెట్టె విప్పి, తీగలు కలిపి, ఆమెకి ఖాతా తెరవడానికి తెర ముందు కూర్చున్నాడు.

పేరూ పుట్టిన తేదీ అడిగి ఎక్కించి, ఆ కంపెనీని నోరారా తిడుతూనే, జాబితాలో అల్జీరియా లేని రోజుల్లో చేతికి పడిన అలవాటు కొద్దీ, ఇప్పటిదాకా ఆ నాలుగు వేలమందికీ చేసినట్టే, దేశం అన్నచోట 'ఫ్రాన్స్' మీద నొక్కాడు.