వేడినీళ్ల నేరం

తువ్వాలు అద్దగానే పాప భుజం మీది చర్మం తువ్వాలుకే అంటుకుని వచ్చేసింది.

ఇళ్లకొచ్చి పసిపిల్లలకు నీళ్లు పోసే సూర్యకళ గబుక్కున తువ్వాలు పక్కకు తీసేసింది.

“ఎంత మరిగిన నీళ్లు పోశావే?” అరిచింది పాప అమ్మమ్మ రామలక్ష్మి.

“గోరువెచ్చనివేనండి. బకెట్లో ఇంకా ఉన్నాయి, చెయ్యి పెట్టి చూడండి. పొద్దుటే ఒళ్లు ఎర్రగా ఉందని నేనంటే, నీళ్లు పోస్తే తగ్గుద్దన్నారు మీరే.”

ఎవరూ చెయ్యి పెట్టలేదు. ధవళేశ్వరంలోని ఆ వీధికి సూర్యకళ కొత్త. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. నింద వేయడానికి అంతకన్నా ఏం కావాలి?

తాత అబ్బులు చెప్పు తీశాడు.

“అయ్యా, ముందు పాపని పెద్దాసుపత్రికి తీసుకెళ్దామండి. నన్ను తర్వాత కొడుదురుగాని.”

“నువ్వు మాకు చెప్తావా?”

దెబ్బ మీద దెబ్బ. ఇరుగుపొరుగు పరుగున వచ్చారు, ఆపడానికి కాదు, ఫోన్లలో వీడియో తీయడానికి. ఈ గోలలో పాప నీరసించిపోతున్న సంగతి ఒక్కరికీ పట్టలేదు.

సూర్యకళ విదిలించుకుంది. పాపను మెత్తటి పాతచీరలో పొదువుకుని వీధిలోకి పరుగెత్తి, ఎదురొచ్చిన ఆటో ఎక్కేసింది.

“పిల్లని ఎత్తుకుపోతోంది, పట్టుకోండి,” కేక పెట్టింది రామలక్ష్మి.

అబ్బులు బండి మీద వెంటపడి రాజమండ్రిలో ఆసుపత్రి గేటు దగ్గర పట్టుకున్నాడు. అప్పటికే పాప నర్సు చేతుల్లో ఉంది. అయినా కొట్టాడు. జుట్టు పట్టుకుని రోడ్డు మీదకు ఈడ్చాడు.

సాయంత్రం డాక్టర్ హేమశ్రీ బయటికొచ్చింది.

“ఇది కాలిన గాయం కాదండి. పాప బొడ్డు దగ్గర చీము పట్టింది. అక్కడి బాక్టీరియా వదిలిన విషం చర్మం పైపొరని ఊడదీస్తోంది. చన్నీళ్లు పోసినా ఇలాగే ఊడేది.”

బొడ్డుకు రోజూ వసకొమ్ము మసి రాసింది రామలక్ష్మే. ఇప్పుడు మాత్రం ఎవరూ చెప్పు తీయలేదు.

“బతుకుద్దా అండి?” అడిగాడు అబ్బులు.

“బతుకుతుంది. ఇంకాస్త ఆలస్యమైతే నేనేమీ చెప్పలేకపోయేదాన్ని.”

మర్నాడు అబ్బులు చీర, పళ్లు పట్టుకుని సూర్యకళ అద్దె గదికి వెళ్లాడు. చేసిన పాపం ఒక చీరతో పోతుందనుకున్నాడు, సిగ్గులేని మనిషి.

గదికి తాళం వేసి ఉంది.

“ఖాళీ చేసి వెళ్లిపోయిందండి,” అంది పక్కింటి ఉషారాణి. “మీ వీడియో ఊరంతా తిరిగింది కదా. ఇంకెవరు పనిలో పెట్టుకుంటారండి?”

“వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన జబ్బని ఆవిడకెలా తెలిసిందమ్మా?”

“జబ్బు పేరు ఆవిడకేం తెలుసండి. తునిలో కాపురం చేసినప్పుడు కన్నబిడ్డకి ఇలాగే తోలు ఊడిందంట. నీళ్లెంత మరగబెట్టావని అత్తింటోళ్లంతా ఈవిడ్ని కొడుతుంటే, ఉయ్యాల్లో బిడ్డ ప్రాణం పోయిందంటండి.”