మాడిన కేకులు

పదేళ్ళ పిల్ల బరువు చూసి దింపి, వయసుకు మించి ఉందని రాసుకుంటూ డాక్టరమ్మ తల్లివైపు తిరిగింది. “ఇది కడుపులో ఉన్నప్పుడు ఏం తినేదానివమ్మా?”

కోడలు నోరు తెరిచేలోగా అత్తగారే అందుకుంది. “అప్పుడు బేకరీలో పని డాక్టరమ్మా. పొద్దస్తమానం తీపే. తను నోరు కట్టుకోలేదు, నా మనవరాలు అనుభవిస్తోంది.”

పిల్ల తల దించుకుంది. ఇన్నేళ్ళుగా ఆ మాట పడుతున్న కోడలు, కూతురి ముఖం చూసి ఈసారి ఊరుకోలేకపోయింది.

“నేను పని నుంచి వచ్చేసరికి మీరు గిన్నెలన్నీ కడిగి బోర్లించేసేవారు అత్తయ్యా. బేకరీలో మాడిన కేకులు ఊరికే ఇచ్చేవాళ్ళు. వాటితోనే దీన్ని మోశాను.”

డాక్టరమ్మ రాయడం ఆపింది.

“ఆకలేస్తోందని ఒక్క మాట అడిగితే పెట్టేదాన్ని కాదూ?” అంది అత్తగారు.

“రోజూ అడిగాను.”