బోర్డు లేని బస్సు

తోడికోడలు వరహాలు కళ్ళజోడు చూస్తే నూకరత్నానికి కడుపు మండిపోతుంది. బస్సుల మీద ఊళ్ళ పేర్లు రాయడం మానేసి పదేళ్ళయింది. అవన్నీ ఇప్పుడు ఆ కళ్ళజోళ్ళలోనే కనిపిస్తాయి. చూపు మైనస్ ఐదు దాటినవాళ్ళకే వాటిని ఇస్తారు. మంచి చూపున్నవాళ్ళకి అమ్మరు కూడా. చిన్నప్పటి నుంచి ఫోను వదలని వరహాలుకి మైనస్ పదకొండు. ఊళ్ళో పదిమందిలో తొమ్మిదిమందిదీ అదే కథ. నూకరత్నం మాత్రం ఐదో తరగతితో బడి మానేసి, ఇసుకలో చేపలు ఎండబెడుతూ పెరిగింది. ఆ ఎండే ఆమె చూపు కాపాడిందట.

ఈసారి కంటి శిబిరంలో అక్షరాలన్నీ కావాలనే తప్పు చదివింది.

"మిషను నీ కళ్ళలోకి చూసేసిందమ్మా. చూపు బంగారంలా ఉంది," అంది నర్సు.

బయటికి రాగానే వరహాలు నూకరత్నం చెయ్యి పట్టుకుంది. "ఏటక్కా, కళ్ళు బాగున్నాయంటే ఏడుస్తావేటి? నీ కళ్ళు నాకుంటే ఎంత బాగున్ను!"

"అయితే మార్సుకుందామా?" అంది నూకరత్నం విసురుగా.

వరహాలు కళ్ళజోడు ముక్కు మీదికి సర్దుకుంది.

స్టాపులో అందరికంటే ముందు, వంతెన అవతల చుక్కలా ఉన్న బస్సుని నూకరత్నమే చూసింది. అది దగ్గరికొచ్చి ఆగాక, గొంతు తగ్గించి తోడికోడల్ని అడిగింది.

"ఇది మనూరెల్తాదేటే?"