అదే మందు వాడిన మనిషి

“వద్దమ్మా. నాకే మందూ ఎక్కించొద్దు,” అంటూ వడ్రంగి కుర్చీలోంచి లేచాడు.

డాక్టరమ్మ విసుక్కోలేదు. కడుపులో పుట్టిన క్యాన్సరు కాలేయానికి పాకిందనీ, కోసి తీసేసే దశ దాటిందనీ ఉన్నమాట చెప్పింది.

“అయితే గడ్డలోంచి ముక్క తీసి చేసిన పరీక్షలో ఒక మంచి సంగతి తేలింది. మీ క్యాన్సరు కణాల మీద ఒకరకం ప్రొటీను ఎక్కువగా ఉంది. దాన్నే వెతికి పట్టుకునే మందుంది. కీమోతో కలిపి మూడు వారాలకోసారి ఎక్కిస్తాం. పూర్తిగా పోతుందని మాటివ్వలేను. అదుపులోకి రావచ్చు.”

“అంటే, మేకు ఉన్నచోటే సుత్తి పడుతుందంటారు.”

“ఆ మందు అంతే. కీమో మాత్రం పక్కన కూడా తగులుతుంది.”

“ఆ దెబ్బలు పడే ఓపిక నాకు లేదమ్మా,” అని బయటికి నడిచాడు.

వరండాలో అల్లుడు ఎదురొచ్చి టీ కప్పు ఇవ్వబోయాడు. సగం ఒలికిపోయింది. వడ్రంగి నిట్టూర్చాడు. ఈ అల్లుడి చేతిలో ఏదీ నిలవదు. చొక్కా గుండీ పెట్టుకోవడానికే పావుగంట. పెళ్ళినాటికైతే ఒట్టి కట్టెపుల్ల. గాలేస్తే ఎగిరిపోతాడేమో అన్నట్టుండేవాడు. కూతురు పట్టుబట్టింది కాబట్టి సరేనన్నాడు గానీ.

“మామయ్యా, ఇదే జబ్బుకి ఇదే మందు వాడిన మనిషి నాకు తెలుసు. అతనికీ కాలేయానికి పాకింది,” అన్నాడు అల్లుడు.

“ఎప్పుడు పోయాడు?”

“పోలేదు. హాయిగా పెళ్ళాం చేత చీవాట్లు తింటున్నాడు.”

వడ్రంగికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే మెత్తబడ్డాడు.

అలా ఆ మనిషి మాటల్లో వచ్చి ఇంటి మనిషైపోయాడు. అన్నం ఇనుప రుచి కొడుతోందంటే, “అతనికీ అంతే. స్టీలు చెంచా మానేశాక కాస్త నయమట,” అనేవాడు అల్లుడు. వడ్రంగి మిగులు చెక్కతో ఒక చెంచా చెక్కుకున్నాడు. చన్నీళ్ళు తగిలి వేళ్ళలో సూదులు దిగినట్టుంటే, కొన్నాళ్ళు ఫ్రిజ్ జోలికి పోవద్దని ఆ మనిషి మాటే. అరికాళ్ళ చర్మం రేగితే ఏ పూత అడగాలో కూడా ఆ మనిషి మాటే.

ఒకరోజు వాంతులతో సొమ్మసిల్లి, ఇక మానేస్తానన్నాడు వడ్రంగి.

“అతనూ ఇలాగే అన్నాడా?” అని అల్లుణ్ణి అడిగాడు.

“అన్నాడు. తలుపేసుకుని ఏడ్చాడు కూడా.”

“మరి?”

“తెల్లారి లేచి ఆసుపత్రికి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో అతనికే తెలీదట.”

వడ్రంగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లారి తనే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

ఆ మనిషితో ఒకసారి ఫోన్లో మాట్లాడించమంటే మాత్రం అల్లుడు నీళ్ళు నమిలేవాడు. ఆ ఊసు ఎత్తగానే కూతురు వంటింట్లోకి తప్పుకునేది. ఏదీ దాచడం చేతకాని పిల్ల. వడ్రంగికి అర్థమైపోయింది. అయినా కదపలేదు. పడబోయే గోడకి దన్నుగా నిలబెట్టిన వాసాన్ని ఎవరైనా లాగి చూస్తారా?

స్కానింగ్ రిపోర్టు వచ్చింది. కాలేయంలో మచ్చలు సగానికి సగం తగ్గాయి. కడుపులో గడ్డ కుంచించుకుపోయింది. మందు ఆపకూడదని చెబుతూ డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది.

ఇంటికొచ్చాక వడ్రంగి అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“ఇప్పుడైనా నిజం చెప్పు అల్లుడూ. కోప్పడను. నన్ను ఒప్పించడానికి అల్లిన కథే కదూ? అలాంటి మనిషి లేడు.”

అల్లుడు ఊడిన చొక్కా గుండీ పెట్టుకోబోయి, అది వేళ్ళకి చిక్కక వదిలేశాడు.

“ఉన్నాడు మామయ్యా.”

“ఉంటే చూపించు. ఒక్కసారి రెండు చేతులూ పట్టుకుంటాను.”

“రోజూ చూస్తూనే ఉన్నారుగా మామయ్యా.”