ఆఖరి గడి

ఎం.కామ్ ఆఖరి ప్రాక్టికల్‌లో కుందన చేతికి ఒక కంపెనీ లెక్కలు ఇచ్చారు. లెక్కలన్నీ యంత్రాలే రాసే రోజులవి. అయినా చట్టప్రకారం కింద మనిషి సంతకం ఉండాల్సిందే. ఆ సంతకం కోసమే రెండేళ్ల చదువు.

పెన్ను ఎత్తిన కుందన ఎవరూ చేయని పని చేసింది. చదివింది. ఒకే లారీ సిమెంటు ఒకే రోజున నాలుగు గోదాముల్లో దిగినట్టు ఉంది.

"సార్, ఇవి దొంగ లెక్కలు."

పరీక్ష పెడుతున్న మస్తాన్ మాస్టారి ముఖం పాలిపోయింది. "చదవమని ఎవరు చెప్పారమ్మా? నిమిషం దాటితే ఫెయిల్. కంపెనీవాళ్లు చూస్తున్నారు, బంగారం లాంటి ఉద్యోగం పోగొట్టుకోకు తల్లీ!"

"ఇది పరీక్ష కోసం కల్పించిన కంపెనీయే కదండీ?"

ఆయన సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టి చూపించాడు.

కిటికీలోంచి గేటు దగ్గర నాన్న కనిపించాడు, చేతిలో పూతరేకుల పెట్టెతో. కుందన సంతకం పెట్టేసింది.

హాలంతా చప్పట్లు. కంపెనీ మనిషి నవ్వుతూ నియామక పత్రం అందించాడు. పైన ఉన్నది ఆ లెక్కల్లోని కంపెనీ పేరే. పత్రంలో ఒక్కో గడీ నింపుతూ ఆఖరిదాని దగ్గర ఆగింది.

'జైలు ములాఖత్‌కు వచ్చే బంధువు పేరు.'

"గేటు దగ్గరున్న ఆయన మీ నాన్నగారేగా?" అన్నాడతను. "ఆయన పేరు రాసెయ్యమ్మా. ఊరు దగ్గరే, వారం వారం రావచ్చు."